గౌను తడిసిన వానాకాలం

మా పెద్దపిల్లకు మూడేళ్ళు నిండకముందే గౌను వేశాం. శబరి నది ఒడ్డున మా ఊరు కొంటాలో అప్పట్లో ఆ వయసు పిల్లలు మొలతాడుతోనే తిరిగేవాళ్ళు. ఒంటికి వస్తే చెప్పడం నేర్చిన పిల్లకే బట్ట. మాది ఉప్పు, బట్టలు అమ్మే దుకాణం కాబట్టి గుడ్డకు కొదవ లేదు గాని, పూటకోసారి ఉతికి ఆరేసే ఓపిక ఎవరికుంటుంది? మా పిల్ల ఆ ఎండాకాలంలోనే నేర్చుకుంది. నిద్ర లేవగానే, అన్నం తినగానే పెరటి మూలకు తీసుకుపోయి కూర్చోబెట్టేదాన్ని. కొన్నాళ్ళకు అదే వచ్చి నా కొంగు పట్టి లాగడం మొదలుపెట్టింది. మా ఆయన చీటిగుడ్డ ముక్కతో గౌను కుట్టించారు. మా అత్త ఆ గౌనును దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చూపించేది.

"మా మనుమరాలు చెప్పి పోతది తెల్సా. దీని నాయిన గీ ఈడుల అరుగులన్ని తడిపేటోడు."

అప్పుడు నాకు నెలలు నిండుతున్నాయి. వానలు పట్టుకున్నాక కొడుకు పుట్టాడు.

మా ఇంట్లో పురుడు గట్టిగా పట్టేవాళ్ళు. పెరటి వైపు వసారాలో ఒక చిన్న గది, మూడు వైపులా మట్టి మెత్తిన వెదురు తడికలు. గడప దగ్గర కొడవలి. లోపల కుంపటి, దానిలో ఎప్పుడూ వేపాకు, వెల్లుల్లిపొట్టు పొగ. నాకు నీళ్ళు పోయడానికి పక్క గూడెం నుంచి వచ్చే దోర్ల కులం ఆమె తప్ప ఎవరూ లోపలికి రారు. నన్ను ముట్టుకుంటే మైల. ముట్టుకున్నవాళ్ళు తలకు పోసుకోవాలి, ఒంటిమీది బట్ట తడిపి ఆరెయ్యాలి. వంటంతా మా అత్తే మడి కట్టుకుని చేసేది. ఆ ముసుర్లో ఉతికిన చీర రెండు రోజులకు గాని ఆరదు. అందుకని పిల్లను నా దగ్గరికి రానిచ్చేది కాదు.

చిన్నపిల్లలకు ఒక మినహాయింపు ఉండేది. మైల బట్టకు అంటుతుంది, పసిపిల్లల ఒంటికి అంటదు. ఒంటిమీద నూలుపోగు లేని పిల్ల బాలింతను ముట్టుకుని వచ్చి మళ్ళీ ఇల్లంతా తిరగవచ్చు. గౌను విప్పేసి నా దగ్గరికి పంపమని నేను అడిగాను.

"గౌను ఇప్పితే నేర్చినదంత మర్చిపోతది," అంది మా అత్త. "మళ్ల మొదటికొస్తది. నువ్వు లేచి తిరిగేదాక ఎవలు ఎత్తిపోస్తరు?"

ఆ మాట నాకూ నిజమే అనిపించింది. పిల్ల గడప అవతల గోనెసంచి మీద కూర్చుని నన్ను చూసేది. "అమ్మా, రా" అనేది. "తమ్ముడు పెద్దగయినంక వస్త" అనేదాన్ని. కొంచెంసేపు చూసి ముఖం అటు తిప్పుకునేది.

మొదటిసారి గౌను తడిపింది ఒక మధ్యాహ్నం. మా అత్త విసుక్కుంటూ గౌను విప్పి బొగ్గుల మీద బుట్ట బోర్లించి ఆరేసింది. ఇంట్లో రెండో గౌను కూడా తడిగానే ఉంది. పిల్ల ఒట్టి ఒంటితో వణుకుతూ నా గడప దగ్గరికి వచ్చింది. మా అత్త "పో, బట్ట లేదు గదా" అంది. పిల్ల ఒక్క ఉరుకున వచ్చి నా ఒళ్ళో పడింది. గౌను ఆరేదాకా నన్ను అతుక్కునే ఉంది. నాకు ఆ మధ్యాహ్నం పండగలాగే ఉంది. ఒంటికి రావడం చెప్పలేదేమని అడగడం కూడా నాకు తోచలేదు.

మర్నాడు మళ్ళీ తడిపింది. ఆ తర్వాత రోజూ, రోజుకు రెండు మూడుసార్లు. మా అత్త మొదట తిట్టింది, తర్వాత పిరుదు మీద ఒకటి అంటించింది. ఆ తర్వాత ఏమీ అనడం మానేసింది. అరిచే మనిషి అరవకపోతే ఇల్లు ఎట్లా ఉంటుందో ఆ గదిలో పడుకునే నాకు తెలిసింది. చెంబు కింద పెట్టిన చప్పుడు వినిపించేది, మనిషి గొంతు వినిపించేది కాదు.

ఒకరోజు గడప అవతల నిలబడి, ముఖం నా వైపు తిప్పకుండానే చెప్పింది.

"మా పెద్దోని కొడుక్కు గిట్లనే మొదలైంది."

మా బావగారి కొడుకు సంగతి నాకు ముక్కలు ముక్కలుగా తెలుసు. నేను కాపురానికి రాకముందే పోయాడు. ఆ బిడ్డ తల్లి పుట్టింటికి పోయి మళ్ళీ రాలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు. ఆ రోజు మా అత్త మొత్తం చెప్పింది. మంచిగా చెప్పి పోయే పిల్లవాడు పక్క తడపడం మొదలుపెట్టాడట. దిష్టి అనుకున్నారు, వాన చలి అనుకున్నారు. తర్వాత జ్వరం, దాని వెనక ఫిట్లు. వాతలు పెట్టిద్దామని ఈమె అంటే, పసివాడు తట్టుకోలేడని తల్లి కాళ్ళు పట్టుకుందట.

"నేను జంకిన. అదే నేను చేసిన పాపం. మల్ల జంక."

బొడ్డు చుట్టూ కాల్చిన ఇనుముతో చిన్న చిన్న వాతలు పెట్టడం మా వైపు అందరికీ తెలిసిన వైద్యమే. పిల్లలకు కడుపు ఉబ్బినా, పాలు కక్కినా, పక్క తడిపినా పెట్టించేవాళ్ళు. మా ఆయన బొడ్డు చుట్టూ అట్లాంటివి అయిదారు మచ్చలు ఉన్నాయి, నున్నగా, చింతగింజల్లాగా. ఆయన బతికాడు, ఆ పిల్లవాడు బతకలేదు. మా అత్త లెక్క అంతే.

నాకు నీళ్ళు పోసే ఆమెను అడిగాను.

"పెట్టించు సావుకారమ్మా. మా పిల్లలందరికి పెట్టించినం. ఏడుస్తరు, మర్చిపోతరు."

"అందరూ మర్చిపోయిండ్రా?"

ఆమె ముంత నింపి నా వీపు మీద గుమ్మరించింది. "ఒకదానికి చీము పట్టింది. ఆకు పసరు పోసినం. ఇప్పుడు మంచిగనే ఉన్నది, మొగుని తిడుతది రోజు," అని నవ్వింది.

చీము అన్న మాట నాలోంచి పోలేదు. వాత పెట్టినా భయమే, పెట్టకపోయినా భయమే. పిల్ల ఒట్టి ఒంటితో నా దగ్గరికి వచ్చినప్పుడల్లా నుదురు పట్టుకుని చూసేదాన్ని, అరికాళ్ళు పట్టుకుని చూసేదాన్ని. వెచ్చగా ఉన్నట్టే ఉండేది. కుంపటి పక్కన కూర్చున్న పిల్ల వెచ్చగా ఉండక ఎట్లా ఉంటుందని ఒక మనసు, ఇదే మొదలని ఇంకో మనసు. అది ఒంటికి పోసిన చోట చీమలు పడుతున్నాయేమో చూడమని నీళ్ళు పోసే ఆమెను బతిమాలాను. చీమలు పడితే పెద్ద జబ్బని ఎవరో అనగా విన్నాను. ఆ వానలో చీమలు ఎక్కడివని ఆమె వింతగా చూసింది.

మా ఆయన ఊళ్ళో లేరు. సరుకు కోసం శబరి దాటి భద్రాచలం పోయారు. నది పొంగి పడవలు ఆగిపోయాయి. అప్పుడు మాది బస్తర్ రాజ్యం, అవతలి ఒడ్డు తెల్లవాళ్ళ ఇలాకా. మామూలు రోజుల్లో అటు కోడి కూస్తే ఇటు వినిపించేది. ఆ వారం మాత్రం అవతలి ఒడ్డు కనిపించనే లేదు. ఆయనకు ఒక ముక్క రాసి పంపడానికి నాకు అక్షరం రాదు, వచ్చినా తీసుకుపోయే పడవ లేదు. డాక్టరు దగ్గరికంటే ఎడ్లబండి మీద రోజుల తరబడి పోవాలి. వాగులు పొంగితే ఆ దారీ లేదు.

సంతరోజు వాతలు పెట్టే ముసలాయన వస్తాడనీ, కబురు పెట్టాననీ మా అత్త చెప్పింది.

ఆ పొద్దున వాన కొంచెం తెరిపిచ్చింది. ముసలాయన తొందరగానే వచ్చాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. పిల్లను చూసి నోటితో ఉడుత కూసినట్టు కూసి నవ్వించాడు. మా అత్త కుంపటిలో బొగ్గులు రాజేసింది. గోనెసంచులు కుట్టే దబ్బనం దుకాణంలోంచి తెచ్చి కడిగి ఆయనకిచ్చింది. అదంతా నాకు తడిక సందులోంచి కనిపిస్తోంది. తడిక మట్టి ఒకచోట ఊడి, రెండు వేళ్ళ వెడల్పు సందు ఉండేది. బిడ్డను పక్కలో పడుకోబెట్టి ఆ సందుకు కన్ను ఆనించి కూర్చున్నాను.

"చీమ కుట్టినట్టుంటది బిడ్డా, గంతే," అంటున్నాడు ముసలాయన పిల్లతో. "నువ్వు నవ్వుకుంటనే ఉంటవు, నేను పని చేసుకపోత."

పిల్లకు ఏమీ అర్థం కాలేదు. ఆయన దబ్బనం బొగ్గుల్లో గుచ్చి పెట్టాడు. మా అత్త నూనె గిన్నె కోసం లోపలికి పోయింది. పిల్ల అరుగు దిగి చూరు కిందికి వచ్చింది. నా గది తలుపు వైపు చూసింది. అటూ ఇటూ చూడలేదు, పరుగెత్తలేదు, పెరటి మూల ఆరడుగుల దూరంలో ఉన్నా అటు తిరగలేదు. నా తలుపు వైపే చూస్తూ కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి నిలబడింది. గౌను ముందు భాగం నల్లబడింది. నీళ్ళు కాళ్ళ వెంట కారిపోయాయి. అంతా అయ్యేదాకా కదలకుండా నిలబడి, తర్వాత నూనె గిన్నెతో బయటికి వచ్చిన మా అత్త దగ్గరికి తిన్నగా నడిచింది. ఆమె ఎదుట ఆగి రెండు చేతులూ పైకెత్తింది, గౌను తీసెయ్యమన్నట్టు.

జబ్బు చేసిన పిల్ల అట్లా చేతులెత్తదు. నా దగ్గరికి రావడానికి దానికి ఒకటే దారి దొరికింది. గౌను ఉంటే గడప అవతల, గౌను పోతే నా ఒళ్ళో. ఎవరూ చెప్పకుండానే కనుక్కుంది.

మా అత్త గౌను తీస్తూ అన్నది వినిపించింది. "చూసినవా అయ్యా, నీ కండ్ల ముందటనే. పట్టలేకపోతంది పాపం. తొందరగ కానియ్యి."

ముసలాయన పిల్లను ఒళ్ళోకి లాక్కున్నాడు. దబ్బనం కొస ఎర్రగా ఉంది.

నేను గడప దాటాను. పురుడు స్నానం కాని మనిషిని, పొగ వాసన కొట్టే చీరతో అరుగెక్కి పిల్లను ఆయన చేతుల్లోంచి లాక్కున్నాను. నా కొంగు తగిలి మడినీళ్ళ బిందె ఒరిగింది. మా అత్త గోడకు ఆనుకుపోయింది.

"ఏంది పిల్లా ఇది? ఇల్లంత మైల చేస్తివి."

"అత్తమ్మా, దానికి జబ్బు లేదు. నా దగ్గరికి రావాల్నని తడుపుకుంటంది. నేను చూసిన."

"రెండేండ్ల పిల్ల గంత ఆలోచన చేస్తదా? నీకు బిడ్డ మీద పానం కొట్టుకుంటంది, గంతే. ఆ పోయిన పిల్లగాని తల్లి గూడ గిట్లనే వచ్చి గుంజుకున్నది."

ఆ మాటతో పిల్లను పట్టుకునే కింద కూర్చున్నాను. నేను చూసింది నిజమేనా, చూడాలనుకున్నదే చూశానా? నా వల్ల కూడా ఒక బిడ్డ పోతే ఈమె ముఖం ఎట్లా చూడాలి? అయినా నోరు మాట్లాడుతూనే ఉంది.

"గౌను తొడుగుండ్రి. నా దగ్గరనే ఉంచుకుంట. పొద్దుగూకేదాక చూద్దాం. తడవకపోతే?"

"తడిస్తే?"

"తడిస్తే దాని చేతులు నేనే పట్టుకుంట."

ముసలాయన దబ్బనం బూడిదలో గుచ్చి లేచాడు. "నాకు సంతల పనున్నది. పోయేటప్పుడు ఇటే వస్త. మీరు మీరు తేల్చుకోండ్రి," అన్నాడు. ఆయనకు కోపం రాలేదు. అట్లాంటి ఇళ్ళు చాలా చూసి ఉంటాడు.

పిల్లకు రెండో గౌను వేసి గదిలోకి తెచ్చుకున్నాను. మా అత్త బిందెలు బోర్లించి, వండిన అన్నం పారబోసి, తలకు పోసుకుని మళ్ళీ పొయ్యి వెలిగించింది. ఆ చప్పుళ్ళన్నీ వింటూ కూర్చున్నాను. గౌను తడవదని నాకు ధైర్యంగానే ఉంది. పిల్ల నా తొడ మీద తల పెట్టుకుని, తమ్ముడి వేళ్ళు లెక్కపెడుతున్నట్టు ఒక్కొక్కటే పట్టుకుని చూస్తోంది. దానికి కావలసింది దొరికింది.

అన్నాలవేళ అయింది. పెరట్లోకి తీసుకుపోతాను రమ్మన్నాను. రానంది. కొంచెంసేపాగి మళ్ళీ అడిగాను. కాళ్ళు రెండూ దగ్గరికి ముడుచుకుని తల అడ్డంగా ఊపింది. ఎత్తుకుని తీసుకుపోయి మూలన కూర్చోబెడితే అరుగు మీది కుంపటి వైపు చూసి ఏడ్చింది. ఒక్క చుక్క రాలేదు. దానికి కాల్చడమంటే తెలియదు గాని, ఎర్రటి కొస తన పొట్ట దాకా రావడం చూసింది. తడిపినందుకే అదంతా జరిగిందని దానికి అర్థమైపోయింది.

మధ్యాహ్నం తిరిగిపోయింది. పొట్ట కింద చెయ్యి పెడితే గట్టిగా తగిలింది. చెయ్యి పెట్టనివ్వకుండా నన్ను తోసింది. మా అత్త గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"పోసిందా?"

"లేదు."

"పొద్దటి సంది?"

నేను పిల్లను దగ్గరికి లాక్కున్నాను.

"కట్టుకపోయింది," అంది. ఆమె గొంతులో గెలిచానన్న ధోరణి లేదు. ఆమె కూడా భయపడుతోంది, అది విని నా భయం ఇంకా పెరిగింది. "ముందుగాల ఆగకుండ పోవుడు, ఇప్పుడు అసలే రాకపోవుడు. అయ్య వచ్చినంక ఇంక ఒక్క ఘడియ ఆగేది లేదు, చెప్తున్న."

నేను దాని ముందు కూర్చుని ఏమేమో చెప్పాను. పోసుకో, ఎవరూ ఏమీ అనరు అన్నాను. పొద్దున తడపొద్దనీ, ఇప్పుడు తడుపు అనీ చెప్పే తల్లి మాట అది ఎందుకు నమ్మాలి? కళ్ళు నా ముఖం మీదే పెట్టి బిగబట్టుకుని కూర్చుంది. దాని పెదాలు తెల్లబడ్డాయి. ఆ రంగు చూశాక నిజంగానే ముసలాయన తొందరగా వస్తే బాగుండుననిపించింది నాకు.

ముసలాయన కంటే ముందు నీళ్ళు పోసే ఆమె వచ్చింది. నాకు సాయంత్రం వేడినీళ్ళు పోయాలి. పిల్లను వదిలి పోలేక గౌను విప్పేసి నాతోపాటు స్నానం బండ మీద కూర్చోబెట్టుకున్నాను. ఆమె నా నడుము మీద పొగలు కక్కే నీళ్ళు పోస్తోంది. నేను చల్లని నీళ్ళు కలిపి దోసిలితో పిల్ల కాళ్ళ మీద పోస్తున్నాను, మాట్లాడకుండా. మాటలన్నీ అయిపోయాయి. కొంతసేపటికి పిల్ల మెడ నా చెయ్యి మీద వాలింది. బిగబట్టిన కాళ్ళు కొంచెం సడలాయి. నా తొడ మీద ఇంకో వెచ్చదనం పాకింది.

"అత్తమ్మా, పోసింది," అన్నాను.

"నీళ్ళేమో అవి," అంది మా అత్త అరుగు మీదినుంచి.

నీళ్ళు పోసే ఆమె ముంత పక్కన పెట్టి వంగి చూసింది. "నీళ్ళు నేను ఈపు మీద పోస్తున్న. ముందటి ధార నేను పోసిందా? వాగు లెక్క పోతంది చూడుండ్రి." తర్వాత పిల్లతో, "పొయ్యి తల్లీ, పొయ్యి, శబరి పొంగినా మంచిదే" అంది. పిల్ల మమ్మల్ని మార్చి మార్చి చూసింది. ఎవరూ తిట్టకపోయేసరికి మొత్తం పోసింది.

మళ్ళీ గౌను తొడిగాను. చీకటి పడబోతుండగా ముసలాయన దగ్గు వినిపించింది. పిల్ల నా వీపు వెనక్కి పోయి నక్కింది. మా అత్త గడప దగ్గర వంగి, అప్పుడే మడి కట్టుకున్న చేత్తో గౌను అంచు పట్టుకుని పిండి చూసింది. వెనక భాగం కూడా పట్టుకుని చూసింది. తర్వాత అరుగు వైపు తిరిగి అంది.

"ఇయ్యాల వద్దులే అయ్యా. వచ్చే సంతకు చూద్దాం."

ఆమె తలకు పోసుకోవడానికి పోయింది. దబ్బనం దుకాణంలోకి పోలేదు. అరుగు మీది గూట్లోనే ఉంది, నాకు సందులోంచి కనిపించేటట్టు.

మర్నాడు మా అత్త తన పాత కోసా పట్టుచీరలోంచి ఒక ముక్క చింపింది. పట్టుకు మైల లేదు. నాతో ఏమీ చెప్పకుండా, పిల్లను నిలబెట్టి గౌను తీసేసి ఆ ముక్క నడుముకు చుట్టి ముడి వేసింది. "నీ తల్లి దగ్గరికి పోతవా, పో. ఇటు వస్తవా, రా. దీన్ని తడిపినవంటె మాత్రం..." అని ఆగిపోయింది. ఆ చీర ఆమె వ్రతాలకు కట్టేది. దాన్ని చింపడానికి ఎంత ఆలోచించిందో నాకు తెలియదు, అడగలేదు.

పిల్ల ఆ వారమంతా గడప అటూ ఇటూ తిరిగింది. నేను అది నిలబడితే చూశాను, కూర్చుంటే చూశాను, నిద్రపోతే చాప తడిమాను. ఒకసారి ఆలస్యమై పెరటి మూలకు చేరేలోపు కొంచెం తడిసింది. నీళ్ళు పోసే ఆమె ఎవరికీ చెప్పకుండా ఆ ముక్క కుంపటి మీద పట్టి ఆరబెట్టింది. పొగకు పట్టు నల్లబడింది. మా అత్త ఆ మరక చూసింది గాని అడగలేదు.

సంతరోజు వచ్చింది. మా ఆయన ఇంకా రాలేదు, నది ఇంకా దిగలేదు. పొద్దున్నుంచి నా చెవులు అరుగు మీదే ఉన్నాయి. ముసలాయన వచ్చి దుకాణం ముందు నిలబడి పిలిచాడు.

"అమ్మా, పిల్లకు ఎట్లున్నది?"

పిల్ల నా పక్కన చాప మీద కూర్చుని ఉంది. ఆ గొంతు వినగానే నా చీర రెండు చేతులతో పట్టుకుంది. వంటింట్లో మా అత్త అట్లు తిప్పుతున్న చప్పుడు ఆగింది.

"మంచిగనే ఉన్నది," అంది మా అత్త లోపలినుంచి. "బెల్లం ముక్క తీసుకొని పో."

ఆయన అడుగుల చప్పుడు సంత వైపు పోయింది. నేను పిల్ల కింద చెయ్యి పెట్టి చూశాను. చాప పొడిగానే ఉంది. అయినా ఆ చెయ్యి అక్కడినుంచి తియ్యడానికి నాకు ధైర్యం చాల్లేదు. పిల్లే విసుక్కుని నా మణికట్టు పట్టుకుని అవతలికి నెట్టింది.